పళ్ళ మిషనా, గంటల గడియారమా? గోదావరి తేమలో పాత యంత్రాన్ని ఎంచుకునే ముందు

పోయిన సంక్రాంతికి ఇంగ్లండు నుంచి వచ్చిన మా మేనల్లుడు భోజనాల దగ్గర ఫోన్ తీసి ఒక ఫోటో చూపించాడు. ఇనప పెట్టె, పక్కన పొడుగాటి పిడి, అద్దం వెనక మూడు చక్రాల మీద చెర్రీలు, నిమ్మకాయలు, గంటలు. "మావయ్యా, ఇది పళ్ళ మిషన్. మా ఇంటి ఓనరు షెడ్డులో మూలన పడుంది, తీసుకుపొమ్మంటున్నాడు. ఓడలో వేయిస్తే నువ్వు బాగుచేస్తావా?" అన్నాడు. మా ఆవిడ గారెలు వడ్డిస్తూ, "జ్యూసు తీసేది మనింట్లో ఉంది కదరా, మళ్ళీ ఎందుకూ?" అంది.

అది జ్యూసు మిషన్ కాదు, జూదం మిషన్. పంటి చక్రాల పళ్ళు, అచ్చేసిన పళ్ళు రెండూ ఉన్న యంత్రం. చూడగానే నా చేతులు దురదపెట్టాయి, అబద్ధమెందుకు. కానీ అవునని వెంటనే అనలేకపోయాను. పాత మిషన్లు విప్పి బిగించే సరదా నాకుందని తెలిసినవాళ్ళు "దేంతో మొదలుపెట్టమంటారండీ?" అని అడుగుతూనే ఉంటారు. ఒకాయన అటక మీద రేడియో ఉందంటాడు, ఇంకొకాయన తాతగారి గోడ గడియారం అంటాడు, ఒకావిడ పెళ్ళికి ఇచ్చిన కుట్టు మిషనంటుంది. అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను, మేనల్లుడికి చెప్పాల్సిన జవాబుతో సహా.

దేన్ని బట్టి తేల్చుకోవాలి

బయటిదేశాల సలహాల్లో ముందు అరుదైన మోడలా కాదా అని చూస్తారు, తర్వాత ధర, తర్వాత విడిభాగాలు. మన దగ్గర వరస వేరు. గౌతమికీ వశిష్ఠకీ మధ్య ఊళ్ళలో ముసురు పట్టిందంటే ఉప్పు డబ్బాలో నీళ్ళూరతాయి, బీరువాలో బెల్టుకి బూజు పడుతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపైతే దానికి తోడు ఉప్పుగాలి. ఒక మిషన్ని బాగుచేయడం మూడు నాలుగు నెలల పని. బాగైనదాన్ని జూన్ నుంచి నవంబరు దాకా నిలబెట్టుకోవడం మాత్రం ఏటా ఉండే పని. ఈ రెండో పని మీ ఓపికకి సరిపోతుందా అన్నది ముందు చూసుకుని, ఆ తర్వాత మిషన్ వైపు చూడండి. నేను ఉల్టాగా చేసి రెండు మిషన్లు తుప్పుకి అప్పజెప్పాను.

తేమ తర్వాత ప్రాణం. కొన్నిటిలో కరెంటు ఉంటుంది, కొన్నిటిలో చుట్టిన స్ప్రింగు ఉంటుంది, కొన్ని నడుము విరగ్గొడతాయి. ఏ ప్రమాదానికి మీకు అలవాటుందో మీకే తెలియాలి. చేపల చెరువుల దగ్గర మోటార్లతో పెరిగినవాడికి 230 వోల్టులంటే ఉన్న జాగ్రత్త, బ్యాంకులో రిటైరైనాయనకి ఉండకపోవచ్చు.

మూడోది, బస్సెక్కి పోయి వచ్చేంత దూరంలో చెయ్యి తిరిగినవాడు ఒకడున్నాడా అనేది. ఇంటర్నెట్లో వీడియోలు బోలెడు. కానీ ఇరుసు అరిగిందో లేదో వేలితో కదిపి చెప్పే మనిషి వీడియోలో దొరకడు. నాలుగోది, బాగయ్యాక అది ఇంట్లో ఏం చేస్తుంది అన్నది. మొదటి వారం చుట్టాలకి చూపిస్తాం, రెండో వారం నుంచి దాని మీద ఇస్త్రీ బట్టలు పెడతారు.

చోటు, ధర ఆ తర్వాతే. పళ్ళ మిషనుకి మాత్రం ఇంకోటి, చట్టం.

| మిషన్ | ముసురులో ఏమవుతుంది | దేనికి భయపడాలి | మనవైపు సాయం | మొదటిసారి చేసేవారికి |
|---|---|---|---|---|
| పళ్ళ మిషన్ | లోపలి ఉక్కు తుప్పు, పాత గ్రీజు జిగురు | బరువు, స్ప్రింగులు, చట్టం | దాదాపు లేదు | వద్దు |
| బరువు చూసే మిషన్ | అడుగు పెట్టె తుప్పు, టికెట్లు అతుక్కోవడం | కరెంటు, బరువు | మోటారు వైండింగ్ షాపులు | ఒకటి చేశాక |
| గంటల గడియారం | చెక్క ఉబ్బడం, నూనె చిక్కబడటం | చుట్టిన స్ప్రింగు | వాచీ రిపేరువాళ్ళు, కంసాలులు | సరే |
| వాల్వు రేడియో | సన్న తీగలు చిలుముపట్టి తెగడం | ప్రాణం తీసే కరెంటు | పాత మెకానిక్కులు కొందరు | కరెంటు పని వస్తేనే |
| గ్రామఫోన్ | పెట్టె ఉబ్బడం, రికార్డులకి బూజు | స్ప్రింగు, నకిలీ సరుకు | తక్కువ | పాటల పిచ్చి ఉంటేనే |
| కుట్టు మిషన్ | పైపై తుప్పు | సూది | ప్రతి ఊళ్ళో | కళ్ళు మూసుకుని |

పళ్ళ మిషన్

దీని పుట్టిల్లు శాన్‌ఫ్రాన్సిస్కో. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో చార్లెస్ ఫే అనే మెకానిక్ మూడు చక్రాల "లిబర్టీ బెల్" తయారుచేశాడు. జూదం మీద నిషేధాలు వచ్చాక ఇలాంటివి చూయింగ్ గమ్ ఇచ్చే మిషన్ల వేషం కట్టాయి. ఆ గమ్ రుచులే చక్రాల మీద పళ్ళ బొమ్మలై మిగిలాయి. బ్రిటన్‌లో 1960 నాటి చట్టం తలుపులు తెరిచాక క్లబ్బుల్లో, పబ్బుల్లో ఇవి పాతుకుపోయాయి.

బాగుచేసేవాడి కంటితో చూస్తే ఇవి మూడు జాతులు. పూర్తిగా చేతి పిడితో, స్ప్రింగులతో నడిచేవి మొదటి జాతి. బిళ్ళ పడితే పిడి తాళం వదులుతుంది. పిడి లాగితే స్ప్రింగు బిగిసి చక్రాలని ఒక్క తన్ను తన్నుతుంది. లోపల చిన్న రెక్కలున్న గడియారంలాంటి పరికరం ఒకటి గిర్రున తిరుగుతూ కాలం లెక్కపెడుతుంది. దాని లెక్క ప్రకారం ఎడమ నుంచి ఒక్కో చక్రం మీద ఒక్కో కొక్కెం పడి ఆపుతుంది. చక్రాలు ఆగాక వేళ్ళలాంటి ఇనప పుల్లలు వచ్చి చక్రం పక్కనున్న పళ్ళేనికి ఉన్న చిల్లుల్ని తడిమి చూస్తాయి. మూడు వేళ్ళూ చిల్లుల్లో దిగితే డబ్బులు రాలుతాయి. కరెంటూ లేదు, బుర్రా లేదు, తడిమి తెలుసుకోవడమే. చక్రానికి 20 గుర్తులున్న మిషన్‌లో మొత్తం 8,000 కలయికలు. ఇంత తెలివి ఇనుములో పోతపోసినవాడికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

రెండో జాతి 1963లో బాలీ కంపెనీ "మనీ హనీ"తో మొదలైంది. పిడి ఉన్నా అది స్విచ్చు మాత్రమే, పని అంతా మోటార్లూ, రిలేలూ (కరెంటుతో నడిచే స్విచ్చులు) చేస్తాయి. మూడోది ఎలక్ట్రానిక్ బోర్డులది. 1980ల బోర్డుల్లో చాలావాటి మీద నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉంటుంది. అది కారితే పక్కనున్న రాగి గీతలన్నిటినీ తినేస్తుంది. మూలన పడున్న ఎలక్ట్రానిక్ మిషన్ ఎవరైనా ఇస్తానంటే ముందు ఆ బ్యాటరీ ఫోటో అడగండి. పచ్చగా కనబడితే అక్కడితో మాట ఆపేయండి.

ఇక మనకి వచ్చే చిక్కులు. బిళ్ళతో నడిచే మిషన్ బిళ్ళతోనే పోతుంది. బ్రిటన్‌లో 1971 ఫిబ్రవరి 15న దశాంశ నాణేలు వచ్చాయి, ఆ ఏడాదే పాత పెద్ద పెన్నీ చలామణీలోంచి పోయింది. పాత పెన్నీ కోసం కోసిన గాడిలో మన రూపాయి జారిపోతుందే గానీ పని చేయించదు. అమెరికా మిషనైతే 110 వోల్టులు, వోల్టేజి దించే ట్రాన్స్‌ఫార్మర్ వేరే కావాలి. ఇంగ్లండువి మన కరెంటుకే సరిపోతాయి. విడిభాగం విరిగితే అక్కడి నుంచి తెప్పించుకోవాలి, లేదా లేత్ పనివాడి చేత చేయించుకోవాలి.

అసలు ముడి చట్టం దగ్గర ఉంది. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం ప్రకారం డబ్బు పెట్టి జూదమాడించే సాధనాలు పెట్టుకుని నడపడం నేరం. "నేను డబ్బు పెట్టి ఆడించనండి, అలంకారానికే" అని మీరనొచ్చు. ఆ ముక్క ముందు ఓడరేవులో కస్టమ్స్‌వాళ్ళకి చెప్పాలి, తర్వాత ఊళ్ళో ఎవరైనా అర్జీ పెడితే పోలీసులకి చెప్పాలి. పండక్కి కోడిపందేల బరుల మధ్య నిలబడి ఈ మాట రాయడం నాకే నవ్వొస్తోంది గానీ, పందెం జరిగే చోటు ఎవరిదో చెప్పుకోలేం, మిషన్ మాత్రం మనింట్లోనే దొరుకుతుంది. తెప్పించాలనే అనుకుంటే వకీలుని అడిగాకే ఓడ మాట.

కాబట్టి ఇది ఎవరికి? విదేశంలో ఉండి, అక్కడే షెడ్డు ఉన్నవాళ్ళకి.

దానికి బదులు: ప్లాట్‌ఫారం మీది బరువు మిషన్

పళ్ళ మిషన్‌లో మీకు నచ్చింది జూదం కాదు, బిళ్ళ వేయగానే లోపల గలగలలాడి ఏదో ఒకటి బయటికి రావడం అయితే, అలాంటిది మనకి ఎప్పుడో ఉంది. రైల్వే స్టేషన్లలో, సినిమా హాళ్ళ వరండాల్లో నిలబడి ఉండేదే, బరువు చూసే మిషన్. నిడదవోలు జంక్షన్‌లో బండి మారేటప్పుడు నాన్న ఒక బిళ్ళ ఇచ్చేవారు. ఎక్కి నిలబడితే ఎర్ర బల్బులూ పచ్చ బల్బులూ వెలిగి ఆరి, చుక్కల చక్రం గిర్రున తిరిగి, టక్కుమని అట్టముక్క రాలేది. ఒక పక్క బరువు, ఇంకో పక్క జాతకం. నాకెప్పుడూ "మీరు ఉదార స్వభావులు" అనే వచ్చేది. వేసిన బిళ్ళ నాన్నదైనప్పుడు ఉదారం ఎవరిదో మిషనుకి ఏం తెలుసు.

ఇందులో పళ్ళ మిషన్‌లో ఉన్న ఆనందమంతా ఉంది. బిళ్ళ జారే గాడి, స్విచ్చు, మోటారు, కింద పలక నుంచి పైకి పోయే తూకపు కమ్మీలు, బరువును బట్టి తిరిగే అంకెల చక్రం, టికెట్ల దొంతర. జూదం గొడవ లేదు. మోటారు కాలిపోతే మనవైపు దిగులే అక్కర్లేదు. రొయ్యల చెరువుల ఏరేటర్ల పుణ్యమా అని భీమవరం చుట్టుపక్కల మోటారు వైండింగ్ షాపులకి కొదవ లేదు.

చిక్కులు రెండు. ప్లాట్‌ఫారం కడిగిన నీళ్ళన్నీ తాగిన అడుగు పెట్టె కాబట్టి, కొనే ముందు పక్కకి వంచి అడుగు చూడాలి. పైన రంగు మెరుస్తూ అడుగు బిస్కట్టులా పొడి అయిపోయిన మిషన్ నాకొకటి అంటగట్టారు. రెండోది మళ్ళీ బిళ్ళే. మన రూపాయి కూడా ఊరికే ఉండలేదు. 1992లో స్టీలు బిళ్ళ వచ్చింది, 2011లో ఇంకా చిన్నదైంది. గాడి ఏ కాలపు బిళ్ళకి కోసి ఉందో చూసి, ఆ బిళ్ళలు ఓ గుప్పెడు సంపాదించుకోండి. గాడిని ఆకురాయితో పెద్దది చేయకండి, వెనక్కి తిప్పలేరు.

టికెట్లు ముసురులో ఉబ్బి ఒకదానికొకటి అతుక్కుంటాయి, రెండేసి రావడమో ఇరుక్కోవడమో జరుగుతుంది. మా ఇంట్లో పద్ధతి చెప్తాను. బియ్యం దోరగా వేయించి గుడ్డలో మూటకట్టి టికెట్ల అరలో పెడతాం, పదిహేను రోజులకోసారి మళ్ళీ వేయిస్తాం. సిలికా జెల్ పొట్లాలూ పనిచేస్తాయి, బియ్యమైతే కొట్టుకి పోనక్కర్లేదు.

ఇంట్లో దీనికి అర గుమ్మమంత చోటు కావాలి. ముందే మాట్లాడుకోండి.

గంటల గడియారం

నన్నడిగితే చాలామందికి సరైన మొదలు ఇదే. కరెంటు లేదు, ఒక బల్ల మీద పట్టేస్తుంది, బాగైతే రోజూ పనికొస్తుంది. పాత ఇళ్ళలో ఇంకా దొరుకుతున్నాయి. జర్మనీ యుంఘన్స్, అమెరికా ఆన్సోనియా, జపాన్ సీకోషా పేర్లు డయల్ మీద చూస్తుంటాం. వారానికోసారి తాళం తిప్పేవే ఎక్కువ. మామూలుగా డయల్ మీద కుడి చిల్లు కాలానికి, ఎడమ చిల్లు గంటలకి.

ఇక్కడ మన సీమ జబ్బు ఒకటి చెప్పాలి, కొబ్బరి నూనె. కోనసీమలో తలుపు కిర్రుమన్నా, గడియారం ఆగినా చెయ్యి కొబ్బరి నూనె గిన్నెలోకే పోతుంది. మా తాతగారూ అంతే చేశారు. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, పుష్యమాసపు రాత్రి గడియారం నాలుగింటికి ఆగిపోవడం అందుకే. దెయ్యం కాదు. పైగా ఏళ్ళ తరబడి అది దుమ్ముతో కలిసి లక్కలా అవుతుంది. నేను మా గడియారం పలకలు మొదటిసారి విప్పినప్పుడు ఇరుసుల చుట్టూ ముదురు గోధుమరంగు ఉంగరాలు కట్టి ఉన్నాయి. గోరుతో గీకితే పొరలు పొరలుగా లేచాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే కారు వాసన వచ్చింది, ఎవరింట్లోనో పాత నూనె డబ్బా మూత తీసినట్టు. ఆ పొర కింద ఇత్తడి కొత్తదిలా మెరుస్తోంది.

దాన్ని కిరసనాయిల్లో నానబెట్టి తీసి మళ్ళీ బిగించి "నడిచిందండోయ్" అనేవాళ్ళుంటారు. నడుస్తుంది, కొన్నాళ్ళు. మురికి కరిగి ఇరుసు రంధ్రాల్లోకి దిగి, సానరాయిలా అరగదీస్తుంది. విప్పి, ఒక్కో రంధ్రాన్నీ మొనదేలిన పుల్లతో శుభ్రం చేస్తేనే పని. అరిగిన రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో సాగి ఉంటుంది. దానికి చిన్న గొట్టంలాంటి ఇత్తడి బుష్షు దిగ్గొట్టాలి. రాజమండ్రి దాకా పోకుండా మా ఊరి కంసాలి చేత చేయించాను. బంగారం పనికి అలవాటైన చెయ్యి కదా, వెంట్రుక వాసి తేడా రాలేదు. కూలీ ఇవ్వబోతే "గడియారం కొట్టినప్పుడు పిలవండి" అన్నాడు.

విప్పేముందు ఒక్కటే తప్పనిసరి జాగ్రత్త. స్ప్రింగు బలం పూర్తిగా దించాలి. తాళం గట్టిగా పట్టుకుని, క్లిక్కు (స్ప్రింగు వెనక్కి తిరగకుండా పట్టి ఉంచే చిన్న నాలుక) వేలితో ఎత్తి, కొంచెం కొంచెంగా వదలాలి. బిగిసి ఉన్న స్ప్రింగుతో పలకలు విప్పితే వేళ్ళు దక్కవు. మొదటిసారి ఈ ఒక్క పని తెలిసినవాడి ఎదురుగా చేయండి.

గడియారం ముల్లు చేత్తో తిప్పి సరిచేస్తే, కొన్ని రకాల్లో గంటల లెక్క తప్పుతుంది. మూడింటికి ఎనిమిది కొట్టే గడియారాలు ఇవే. చెడిపోలేదు, లెక్కపెట్టే చక్రం ముందుకి పోయింది, అంతే. లోపలి తీగ ఎత్తి వదులుతూ కొట్టించుకుంటూ వస్తే లెక్కకి వస్తుంది. లోలకం కింద మర పైకి తిప్పితే వేగం పెరుగుతుంది, కిందికి తిప్పితే తగ్గుతుంది. టిక్కుకీ టాక్కుకీ మధ్య ఎడం సమానంగా వినబడాలి. కుంటుతూ వినబడితే పెట్టె ఒక పక్కకి ఒరిగి ఉంది.

వర్షాకాలపు పని: పెట్టెని తడి గోడకి ఆనించకుండా వెనక రెండు కార్కు ముక్కలు, చెదల కోసం నెలకోసారి వెనక చూడటం. ఇంతే. ఆరు నెలల కాపలాలో ఇంత తేలికైంది కుట్టు మిషన్ తప్ప ఇంకోటి లేదు.

వాల్వు రేడియో

దీని మీద అందరికీ మనసు. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలయ్యాక మన పల్లెల్లో పెద్ద రేడియో ఉన్న అరుగు మీదే సాయంత్రాలు గడిచాయి. మర్ఫీ, ఫిలిప్స్, బుష్ సెట్లు, పోస్టాఫీసులో కట్టిన లైసెన్సు పుస్తకం ఇప్పటికీ కొన్ని భోషాణాల్లో ఉన్నాయి. అటక మీంచి దించగానే అందరూ చేసే మొదటి పని ప్లగ్గు పెట్టడం. ఆ పని మాత్రం చేయకండి.

కారణం చెప్తాను. ఆ కాలపు సెట్లలో చాలావాటిలో కరెంటు వచ్చే వైపు ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, వాల్వుల ఫిలమెంట్లన్నీ ఒకే వరసలో ఉంటాయి. మా సెట్టులో యూసీహెచ్81, యూబీఎఫ్89 అనే వాల్వులు చెరో 19 వోల్టులు, యూఎల్84 45, యూవై85 38, కలిపి 121. 230లో మిగతా 109 వోల్టులూ ఒక పెద్ద రెసిస్టరు మీద వేడిగా పోతాయి. దాని అర్థం, లోపలి ఇనప చట్రానికి మెయిన్స్ తీగ ఒకటి నేరుగా తగిలి ఉంటుంది. రెండు పుల్లల ప్లగ్గు తిరగేసి పెడితే చట్రం మొత్తం ఫేజు. బయటికి చెక్కా బేకలైటూ కనబడుతుంది గానీ, నాబ్ ఊడి ఇరుసు బయటపడితే చాలు. వెనక "గ్రామఫోన్" సాకెట్టు ఉంది కదా అని ఫోన్ కలిపి పాటలు పెట్టకండి. ఆ ఫోన్ మీ చేతిలో ఉంటుంది. మెయిన్స్ తీగ నేరుగా తగలకుండా కరెంటునిచ్చే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాకే ఈ సరదా.

పని వరస ఇది: మైనం కాగితపు కండెన్సర్లన్నీ, ముఖ్యంగా చివరి వాల్వుకి పోయేది, మార్చాలి. అది లీకైతే చివరి వాల్వు ఎర్రగా కాలి పోతుంది. ఫిల్టరు కండెన్సర్లూ మార్చాలి. ఆ తర్వాత బల్బుని సిరీస్‌లో పెట్టి కరెంటు ఇవ్వాలి. బల్బు భగ్గున వెలిగి ఆరకపోతే లోపల షార్టుంది. వెలిగి మసకబారితే ఆశ ఉంది.

డెల్టా సెట్లకి ప్రత్యేకమైన రోగం, స్పీకరుకి పోయే ట్రాన్స్‌ఫార్మర్‌లో వెంట్రుకలాంటి రాగి తీగ చిలుముపట్టి తెగడం. మోటారు వైండింగ్ షాపువాడికిస్తే, ఆ సన్నం తీగ చూసి దణ్ణం పెట్టి వెనక్కిచ్చాడు. ఊళ్ళో మూసిన రేడియో షాపుల వాళ్ళని వెతికి అడగాలి. స్పీకరు అట్టలో బొద్దింకలు, చట్రం మీద బల్లి గుడ్లు మామూలే.

ఒక మంచి సంగతి ఉంది. దీనికి వర్షాకాలపు మందు దాన్ని వాడటమే. రోజూ అరగంట పెడితే ఆ వేడికే లోపలి తేమ ఆరిపోతుంది. పాడైపోతుందని దాచిన సెట్టే ముందు పాడవుతుంది. వినడానికి మీడియం వేవ్ రాత్రిపూట నయం. పగలు ఇన్వర్టరూ ఎల్ఈడీ బల్బులూ చేసే గరగర ఎక్కువ.

గ్రామఫోన్, కుట్టు మిషన్

ఈ రెండింటినీ త్వరగా ముగిస్తాను. బూరా ఉన్న ఇత్తడి గ్రామఫోన్ కొత్తగా తళతళలాడుతూ కనబడితే అనుమానించండి. అలంకారానికి అతుకులతో చేసినవే ఎక్కువ. హెచ్.ఎం.వి. 102 లాంటి సూట్‌కేసు గ్రామఫోన్ అయితే నమ్మొచ్చు. వేగం చూడటానికి రికార్డు అంచు కింద కాగితం ముక్క పెట్టి లెక్కపెట్టండి, 10 సెకన్లకు 13 చుట్లు వస్తే 78 సరిగా ఉన్నట్టు. ఉక్కు సూది ఒక్క వైపుకే. రెండో వైపుకి అదే వాడితే రికార్డు అరిగిపోతుంది. పద్యనాటకాల రికార్డులు ఇంట్లో ఉన్నవాళ్ళకే ఇది చెప్తాను. లేనివాళ్ళు రికార్డుల వేటలో పడి మిషన్ని మర్చిపోతారు.

కుట్టు మిషన్ గురించి చెప్పడానికి ఏముంది. సింగరైనా ఉషా అయినా, తుప్పు మీద మిషన్ ఆయిల్ వేసి రెండు రోజులు ఓపిక పట్టండి, తిరుగుతుంది. విడిభాగాలు ప్రతి ఊళ్ళోనూ, మెకానిక్కు ప్రతి బజార్లోనూ. నల్లరంగు మీది బంగారు పువ్వుల్ని ఎమరీ పేపరుతో రుద్దకండి, అవి పోతే మళ్ళీ రావు. బాగయ్యాక ఈ మొత్తం జాబితాలో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఇదే, కానీ మగవాళ్ళెవరూ దీన్ని సరదా లెక్కలో వేయరు. అది వాళ్ళ లోపం.

ఎవరికి ఏది

హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ శనాదివారాలు ఊరొచ్చేవాళ్ళకి రేడియో వద్దు. వారం మధ్యలో దాన్ని వెచ్చబెట్టేవాళ్ళు ఉండరు. గడియారం తీసుకోండి, అమ్మగారు తాళం తిప్పుతారు.

ఇంట్లో చిన్నపిల్లలుంటే ట్రాన్స్‌ఫార్మర్ లేని రేడియోని గదికి తాళం పెట్టగలిగితేనే ముట్టుకోండి. పిల్లలకి నేర్పాలనుంటే బరువు మిషన్‌ని మించింది లేదు. కరెంటు తీగ పీకేసి, లోపలి కమ్మీలు చేత్తో కదిపి చూపించొచ్చు. అంకెల చక్రం కదలగానే వాళ్ళ కళ్ళు చూడాలి.

రిటైరై, కళ్ళజోడు మార్చి, ఉదయం పదింటి నుంచి సాయంత్రం దాకా ఎవరూ పిలవని మనిషికి గడియారం. కరెంటు పని వచ్చినవాడికి, తొందర లేనివాడికి రేడియో. లేత్ మిషన్ పక్కనే ఉన్నవాడికి, చోటున్నవాడికి బరువు మిషన్. సముద్రం ఒడ్డు ఊళ్ళవాళ్ళకి ఇనప సరుకు ఎంత తక్కువుంటే అంత మంచిది. ఇత్తడి పలకల గడియారం వైపే మొగ్గండి.

ఏది కొన్నా అమ్మేవాడు "వరద చూడలేదండీ, ఎప్పుడూ మేడ మీదే" అంటాడు. నమ్మొద్దు, స్క్రూ చూడండి. 1986 ఆగస్టు వరదలో, 1996 నవంబరు తుపానులో మునిగిన సరుకు ఇంకా చేతులు మారుతూనే ఉంది. పైన ఎంత తుడిచినా, అడుగు స్క్రూల తల గాడిలో, చెక్క మూలల్లో గోదావరి ఒండ్రు మెత్తటి బూడిదలా ఉండిపోతుంది. సూదితో గీరితే పడుతుంది. నేను ఒక రేడియో వెనక అట్ట తీసి, లోపల చెక్క మీద నీటి గీత నా బొటనవేలంత ఎత్తున చూశాను. కొన్నాను, అది వేరే కథ. ధర సగానికి తగ్గించుకుని కొన్నాను.

మొదలుపెట్టడానికి కార్తీకం వెళ్ళాక మంచి కాలం. విప్పిన సామాను నేల మీద పరిచినా తడి పట్టదు, చైత్రానికల్లా బిగించేయొచ్చు. ఆషాఢంలో విప్పకండి.

మేనల్లుడికి చెప్పేశాను. ఓడ వద్దు, అక్కడే పెట్టుకో, పిడి లాగి వీడియో పంపు అన్నాను. పంపాడు. చక్రాలు తిరిగి తిరిగి వాటంతటవే నీరసపడి ఆగాయి, ఆపాల్సిన కొక్కేలు మాత్రం పడలేదు. రెక్కల గడియారంలో గ్రీజు గడ్డకట్టిందిరా, మన తాత కొబ్బరి నూనె లాంటిదే, విప్పి కడుగు అని రాశాను. రోజూ రాత్రి పదిన్నరకి, వాళ్ళకి సాయంత్రం, ఫోన్ బల్ల మీద నిలబెట్టి విప్పుతున్నాడు. మొన్న మొదటి చక్రం టక్కుమని ఆగింది. రెండోది ఇంకా మొండికేస్తోంది.